చిన్న బండిపై దూర ప్రయాణం: 100 నుంచి 350 సీసీ దాకా ఏది ఎవరికి?

వారమంతా ఆఫీసుకో, దుకాణానికో, పొలానికో తిరిగే బండే సెలవు దొరికినప్పుడు అరకుకో శ్రీశైలానికో కూడా తీసుకెళ్లాలని కోరుకునేవారు మన దగ్గర చాలామంది. షోరూముకు వెళ్లేసరికి వారిని ఆపేది ఒకే సందేహం: ఎంత సీసీ తీసుకోవాలి? ఈ సందేహానికి స్నేహితులు, బంధువులు, మెకానిక్ తలా ఒక జవాబు చెబుతారు. నా అభిప్రాయంలో సీసీ దగ్గర మొదలుపెట్టడమే చిక్కు. వెనక మనిషి ఉంటారా, ఎక్కువగా వెళ్లేది ఎలాంటి రోడ్డు, బండి పడితే లేపుకోగలమా అన్న మూడింటికి సమాధానం దొరికాక సీసీ దానంతటదే తేలిపోతుంది.

తేలికపాటి బండి అంటే ఈ వ్యాసంలో 100 నుంచి 180 కిలోల మధ్య బరువుండి, ఒక్క మనిషి గేటులోంచి వెనక్కి నెట్టుకోగలిగే మోటారు సైకిలు అని తీసుకున్నాను. పోలిక కోసం ఆరింటిని ఎంచుకున్నాను: హీరో స్ప్లెండర్ ప్లస్, టీవీఎస్ రైడర్ 125, యమహా ఎఫ్‌జెడ్-ఎస్, టీవీఎస్ అపాచీ ఆర్‌టీఆర్ 160 4వీ, హీరో ఎక్స్‌పల్స్ 200 4వీ, రాయల్ ఎన్‌ఫీల్డ్ హంటర్ 350. చివరిది 181 కిలోలతో తేలిక అనే మాటకు సరిహద్దులో నిలుస్తుంది. ఇది లేకుండా పోలిక పెడితే “మరి బుల్లెట్ కంపెనీ బండి సంగతేమిటి” అనే ప్రశ్న ఎలాగూ వస్తుంది కనుక చేర్చాను.

ముందు చూడవలసినవి

అన్నిటికంటే ముఖ్యమైనది ఇంజిన్ శక్తిపై పడే మొత్తం భారం. ఖాళీ బండి బరువు చూసి లాభం లేదు. నడిపేవారు, వెనక కూర్చునేవారు, సంచులు అన్నీ కలిపి ఒక్కో పీఎస్ (హార్స్‌పవర్ లాంటి కొలమానం) శక్తిపై ఎన్ని కిలోలు పడుతున్నాయో లెక్కించాలి. కింది పట్టికలో ఒక్కరి ప్రయాణానికి మనిషి 70, సామాను 10, అంటే 80 కిలోలు తీసుకున్నాను. ఇద్దరికి 70, 60, సామాను 15, అంటే 145 కిలోలు.

| బండి | ఇంజిన్ (సీసీ) | శక్తి (పీఎస్) | బరువు (కిలోలు) | ట్యాంకు (లీటర్లు) | ఒక్కరుంటే ఒక్కో పీఎస్‌పై భారం (కిలోలు) | ఇద్దరుంటే (కిలోలు) |
|---|---|---|---|---|---|---|
| స్ప్లెండర్ ప్లస్ | 97.2 | 8.02 | 112 | 9.8 | 23.9 | 32.0 |
| రైడర్ 125 | 124.8 | 11.38 | 123 | 10 | 17.8 | 23.5 |
| ఎఫ్‌జెడ్-ఎస్ | 149 | 12.4 | 136 | 13 | 17.4 | 22.7 |
| అపాచీ 160 4వీ | 159.7 | 17.55 | 146 | 12 | 12.9 | 16.6 |
| ఎక్స్‌పల్స్ 200 4వీ | 199.6 | 19.1 | 159 | 13 | 12.5 | 15.9 |
| హంటర్ 350 | 349 | 20.4 | 181 | 13 | 12.8 | 16.0 |

వేరియంటును బట్టి బరువులో ఒకటి రెండు కిలోల తేడా ఉంటుంది. దానివల్ల లెక్క మారదు. ఈ పట్టికను నిదానంగా చూస్తే షోరూములో ఎవరూ చెప్పని సంగతులు కొన్ని బయటపడతాయి. ఇద్దరిని ఎక్కించుకున్న రైడర్, ఒక్కరిని మోసే స్ప్లెండర్‌తో సమానం. ఒక్కరే వెళ్లే రైడర్, ఇద్దరున్న అపాచీకి దగ్గరగా వస్తుంది. 125 సీసీ నుంచి ఎఫ్‌జెడ్‌కు మారినవారికి శక్తి విషయంలో దక్కేది దాదాపు శూన్యం. 160 సీసీ అపాచీ, 350 సీసీ హంటర్ ఈ కొలతలో పక్కపక్కనే ఉన్నాయి.

అయితే ఈ లెక్కకు ఒక పరిమితి ఉంది. గరిష్ఠ శక్తి ఏ వేగంలో వస్తుందన్నది పట్టిక చెప్పదు. అపాచీ తన 17.55 పీఎస్‌ను 9,250 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) వద్ద ఇస్తుంది. హంటర్ 6,100 వద్దే తన శక్తినంతా ఇచ్చేస్తుంది. పైగా హంటర్ 4,000 ఆర్‌పీఎం వద్దే 27 న్యూటన్ మీటర్ల టార్క్ (లాగే బలం) చూపిస్తే, అపాచీ దాదాపు 7,000 దాటాక చూపించేది 14.7 మాత్రమే. అనంతగిరి ఘాట్‌లో ముందు లారీ వెనక చిక్కుకున్నప్పుడు హంటర్ మూడో గేరులో మెల్లగా లాక్కుపోతుంది. అదే చోట అపాచీ రెండో గేరుకు దిగి గట్టిగా అరుస్తూ ఎక్కుతుంది. రెండూ ఎక్కుతాయి, అరుపు భరించడం నడిపేవారి ఓపికకు సంబంధించిన విషయం.

రెండో కొలత బ్రేకులు. 2018–19 నుంచి మన దేశంలో 125 సీసీ దాటిన కొత్త బండ్లకు ఏబీఎస్, అంటే గట్టిగా బ్రేకు వేసినా చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు తప్పనిసరి అయింది. 125, అంతకు లోపు వాటికి ఆ నిబంధనలో కనీసం సీబీఎస్, అంటే ఒక బ్రేకు నొక్కితే రెండు చక్రాలకూ పంచే ఏర్పాటు ఉంటే చాలన్నారు. రోజూ నగరంలో తిరిగేవారికి ఈ తేడా పెద్దగా తెలియకపోవచ్చు. వానలో తడిసిన ఘాట్ మలుపులో గేదె అడ్డం వచ్చినప్పుడు మాత్రం స్పష్టంగా తెలుస్తుంది.

మూడోది వేగం. కేంద్ర ప్రభుత్వం 2018లో నిర్ణయించిన గరిష్ఠ పరిమితి ప్రకారం మధ్యలో డివైడరున్న నాలుగు వరుసల రోడ్డుపై కూడా మోటారు సైకిలుకు గంటకు 80 కిలోమీటర్లే అనుమతి. కాబట్టి ప్రయాణానికి కావలసింది 80 వద్ద వణకకుండా, ఇంకాస్త ఊపిరి మిగిలి ఉండే బండి. 120 వెళ్లే బండి అవసరం లేదు. హైదరాబాదు ఔటర్ రింగ్ రోడ్డు ప్రధాన దారిపైకి ద్విచక్ర వాహనాలను అసలు రానివ్వరు కనుక, అక్కడికోసం పెద్ద ఇంజిన్ కొంటున్నామని అనుకునేవారు ఆ కారణాన్ని కొట్టేయవచ్చు.

ఇక సీటు ఎత్తు, ట్యాంకు నిండా పోస్తే ఎంత దూరం, పాడైతే ఎక్కడ బాగవుతుంది, బీమా ఖర్చెంత అన్నవి ఒక్కో బండి దగ్గర చెబుతాను.

స్ప్లెండర్ ప్లస్: ఇంట్లో ఉన్నదే చాలా?

చాలామంది దగ్గర ఇది ఇప్పటికే ఉంటుంది కాబట్టి అడగవలసిన ప్రశ్న “కొనాలా” అన్నది కాదు, “దీనితోనే వెళ్లవచ్చా” అన్నది. ఒక్కరే వెళ్తే, గంటకు 55–65 కిలోమీటర్ల వేగానికి ఒప్పుకుంటే, నిస్సందేహంగా వెళ్లవచ్చు. లీటరుకు 60 కిలోమీటర్లు వచ్చినా నిండు ట్యాంకుతో 580 దాటుతుంది. హైదరాబాదు నుంచి శ్రీశైలానికి సుమారు 215 కిలోమీటర్లు కనుక వెళ్లి తిరిగి వచ్చాక కూడా పెట్రోలు మిగులుతుంది. నల్లమల అడవిలో బంకుల కోసం వెతుక్కోవలసిన చోట ఇది చిన్న సదుపాయం కాదు. చైన్‌ను పూర్తిగా కప్పిన కవరు ఉండటంతో దుమ్ము, వాన దాన్ని అంతగా పాడుచేయవు. దీన్ని విప్పి బిగించడం తెలియని మెకానిక్ తెలుగు నేలపై ఏ మండల కేంద్రంలోనూ కనిపించడు.

దీని బలహీనత రెండు చోట్ల బయటపడుతుంది. ఒకటి, జాతీయ రహదారి. విజయవాడ దారిలో ప్రైవేటు బస్సులు, లారీలు వెనక నుంచి తరుముకొస్తుంటే తప్పుకోవడానికి వేగం పెంచుదామన్నా పెరగదు. రోజంతా ఎడమ అంచును పట్టుకుని, అద్దంలో చూసుకుంటూ నడపాలి. రెండోది ఘాట్ దిగుడు. సాధారణ వేరియంటులో రెండు చక్రాలకూ డ్రమ్ బ్రేకులే. ఇద్దరు మనుషులు, సంచులతో దిగుతూ బ్రేకునే నమ్ముకుంటే అది వేడెక్కి పట్టు తగ్గుతుంది. ఎక్కిన గేరులోనే దిగాలనే పాత డ్రైవర్ల సూత్రం ఈ బండికి అక్షరాలా వర్తిస్తుంది. ఇద్దరితో ఒక్కో పీఎస్‌పై 32 కిలోలు పడుతున్నప్పుడు అరకు వెళ్లలేమని కాదు. నాలుగే గేర్లున్న ఈ బండి ఆ దారిలో చాలా సేపు రెండో గేరులో మూలుగుతుంది. మూలుగుతున్న బండిపై ప్రయాణం సరదాగా ఉండదు.

125 సీసీ: ఒంటరి ప్రయాణికులు ముందుగా చూడవలసిన తరగతి

ఈ తరగతిని మనవాళ్లు కాలేజీ పిల్లల బండ్లని తీసిపారేస్తుంటారు. ఒక్కరే తిరిగేవారికి ఖర్చుకు తగిన ఫలితం అన్నిటికంటే ఎక్కువగా ఇక్కడే దొరుకుతుందని నా నమ్మకం. రైడర్ 123 కిలోలు, సీటు ఎత్తు 780 మిల్లీమీటర్లు. పొట్టిగా ఉన్నవారి కాళ్లు కూడా నేలకు చక్కగా ఆనుతాయి. ఐదు గేర్లుండటం వల్ల 70–75 వేగంలో ఇంజిన్ ప్రశాంతంగా ఉంటుంది. లీటరుకు 50 పైన వస్తుంది కనుక నిండు ట్యాంకుతో 500 కిలోమీటర్లు ఆశించవచ్చు. అలసిపోయిన సాయంత్రం లంబసింగి వైపు రాళ్లు తేలిన పక్కదారిలో బండి జారి పడిందనుకోండి, ఎవరినీ పిలవకుండా లేపి నిలబెట్టగలరు. చిన్న బండి గొప్పతనం అలాంటి చోటే తెలుస్తుంది. అంకెల్లో అది కనిపించదు.

బ్రేకుల విషయంలోనే ఈ తరగతిని జాగ్రత్తగా చూడాలి. చాలా 125 సీసీ బండ్లలో, రైడర్ వేరియంట్లలో కూడా అనేకం సీబీఎస్‌తోనే వచ్చాయి. ఏబీఎస్ కావాలంటే 2024లో వచ్చిన హీరో ఎక్స్‌ట్రీమ్ 125ఆర్‌లో ముందు చక్రానికి ఏబీఎస్ ఉన్న వేరియంటు దొరుకుతుంది. అయితే దాని బరువు 136 కిలోలు, అంటే ఎఫ్‌జెడ్ బరువే. పోతే, హోండా ఎస్‌పీ 125 ఈ ముగ్గురిలో నెమ్మదస్తుడు: 116 కిలోలు, 11.2 లీటర్ల ట్యాంకు. దూకుడు లేకపోయినా రోజువారీ పనికి, అప్పుడప్పుడు ఊరి ప్రయాణానికి పెద్దవారికి నచ్చేది అదే.

వెనక మనిషితో ఎక్కువ దూరాలకు మాత్రం 125ను సిఫారసు చేయను. శక్తి చాలదన్నది ఒక కారణం. అంతకంటే పెద్ద కారణం సీటు. ఈ తరగతి బండ్లలో వెనక సీటు వంద కిలోమీటర్ల తర్వాత కూర్చున్నవారి సహనాన్ని పరీక్షిస్తుంది.

ఎఫ్‌జెడ్-ఎస్, అపాచీ 160: పక్కపక్కనే ఉన్నా వేర్వేరు బండ్లు

ఎఫ్‌జెడ్ శక్తి కోసం కొనదగిన బండి కాదని పట్టికే చెబుతోంది. కొనడానికి కారణాలు వేరు: వెడల్పైన 140 సైజు వెనక టైరు, ముందు చక్రానికి ఏబీఎస్, వెనక కూడా డిస్కు, 13 లీటర్ల ట్యాంకు. లీటరుకు 45 చొప్పున చూసినా 580 కిలోమీటర్లు, అంటే ఒక్క ట్యాంకు దూరంలో స్ప్లెండర్‌కు సమానం. ఇంజిన్ 149 సీసీ కావడంతో బీమాలోనూ కలిసొస్తుంది. 2022లో ప్రకటించిన రేట్ల ప్రకారం కొత్త బండికి ఐదేళ్ల థర్డ్ పార్టీ బీమా 75–150 సీసీ వర్గానికి 3,851 రూపాయలు, 150–350 వర్గానికి 7,365 రూపాయలు, పన్ను అదనం. అపాచీ, ఎక్స్‌పల్స్, హంటర్ మూడూ రెండో వర్గంలోకే వస్తాయి. 80కి మించి వెళ్లాలనే తొందర లేనివారికి, యంత్రం గురించి ఆలోచించకుండా ఏళ్ల తరబడి నడపాలనుకునేవారికి ఎఫ్‌జెడ్ సరిపోతుంది.

అపాచీ స్వభావం పూర్తిగా వేరు. 17.55 పీఎస్‌తో ఇద్దరిని ఎక్కించుకుని కూడా జాతీయ రహదారిలో 80 వద్ద స్థిరంగా ఉండి, అవసరమైనప్పుడు బస్సును దాటడానికి సరిపడా బలం మిగుల్చుకుంటుంది. 146 కిలోలే కాబట్టి నగర రద్దీలో ఇబ్బంది లేదు. లోపమల్లా కూర్చునే తీరులో ఉంది: కాస్త ముందుకు వంగి కూర్చోవాలి, వెనకవారి సీటు చిన్నది, కాస్త ఎత్తులో ఉంటుంది. భార్యాభర్తలు కలిసి వెళ్లేవారు కొనేముందు ఇద్దరూ ఎక్కి ఒక గంట తిరిగి చూడటం మంచిది. షోరూము చుట్టూ ఒక రౌండు కొట్టినంత మాత్రాన ఆ సీటు సంగతి బయటపడదు.

ఎక్స్‌పల్స్ 200: రోడ్డు లేని చోటికి వెళ్లేవారికి

రంపచోడవరం దాటి మారేడుమిల్లి ఘాట్ మీదుగా చింతూరు వెళ్లే దారిలో ప్రధాన రోడ్డుకు పై బండ్లన్నీ సరిపోతాయి. ఆ రోడ్డు వదిలి ఏ గిరిజన గ్రామానికో, ఏ జలపాతానికో మట్టిదారిన పోవాలనుకున్నప్పుడు ఈ ఆరింటిలో నిజంగా ఆ పనికోసం తయారైనది ఎక్స్‌పల్స్ ఒక్కటే. నేలకూ బండికీ మధ్య 220 మిల్లీమీటర్ల ఎడం, ముందు 21 అంగుళాల చక్రం, గుంతను మింగేసే పొడవైన సస్పెన్షన్ వల్ల మామూలు బండి ఆగి ఆలోచించే చోట ఇది నడుచుకుంటూ పోతుంది. నిలబడి నడపడానికీ వీలుగా ఉంటుంది. ఆయిల్‌తో చల్లబడే ఇంజిన్ కావడంతో రేడియేటరు పగిలే భయం లేదు.

దీనికి చెల్లించే మూల్యం కూడా తక్కువేమీ కాదు. సీటు ఎత్తు 825 మిల్లీమీటర్లు. ఐదున్నర అడుగుల లోపు ఉన్నవారు సామానుతో, ఏటవాలు నేలపై ఆగినప్పుడు ఒంటికాలిపై నిలబడవలసి వస్తుంది. 159 కిలోలు నిటారుగా ఉన్నంతసేపు తేలికే, ఒకవైపు ఒరిగిందంటే ఎత్తు వల్ల ఆ బరువు రెట్టింపు అనిపిస్తుంది. ఊచల చక్రాలు కాబట్టి ట్యూబు టైర్లు. పంక్చరైతే చక్రం విప్పాల్సిందే. పల్లె పంక్చరు దుకాణంలో 21 అంగుళాల ట్యూబు దొరకదు, అందువల్ల ఒకటి సంచిలో ఉండి తీరాలి. అవసరానికి అదే ట్యూబును వెనక 18 అంగుళాల చక్రంలోనూ ఇరికించి ఇల్లు చేరవచ్చు. రహదారిలో 90 దగ్గర ఇంజిన్ అలసట తెలుస్తుంది, లీటరుకు 35–40కి మించి ఆశించకూడదు.

2025లో దీని తర్వాతి తరం ఎక్స్‌పల్స్ 210 వచ్చింది. ద్రవంతో చల్లబడే ఇంజిన్, 24.6 పీఎస్, ఆరు గేర్లు. రహదారిలో ఉన్న లోటును అది తీర్చింది, బదులుగా బరువు సుమారు పది కిలోలు పెరిగింది, ధరా పెరిగింది. మట్టిదారులే ముఖ్యమైనవారు చేతులు మారిన మంచి 200 4వీని వెతుక్కోవడం తెలివైన పని. కొనేటప్పుడు ఊచలు, ముందు ఫోర్కు సీళ్లు, ఇంజిన్ కింది రక్షణ పలకపై దెబ్బలు చూడాలి. కిలోమీటర్ల అంకె కంటే ఆ దెబ్బలే దాని చరిత్రను నిజాయతీగా చెబుతాయి.

హంటర్ 350: తేలికకు చివరి అంచు

హంటర్ బలం దాని టార్క్. ఇద్దరితో, సామానుతో, గేర్లు మార్చే పని పెద్దగా లేకుండా హార్సిలీ హిల్స్ ఎక్కాలంటే ఈ ఆరింటిలో సుఖమైనది ఇదే. సీటు 790–800 మిల్లీమీటర్లు కావడంతో కాళ్లు బాగానే ఆనుతాయి. కానీ లీటరుకు 32–36 చొప్పున 13 లీటర్ల ట్యాంకుతో 430 కిలోమీటర్ల వద్దే బంకు వెతుక్కోవాలి, గతుకుల దారిలో సస్పెన్షన్ గట్టిగా తగులుతుంది. హంటర్ ధరకు దాదాపు రెండు స్ప్లెండర్లు వస్తాయన్నది ఇంటి బడ్జెట్ చూసుకునేవారు మరచిపోరు. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ వరకు బండ్లన్నిటికీ జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది కాబట్టి పన్ను శాతం విషయంలో మాత్రం ఈ ఆరింటి మధ్య తేడా లేదు.

ఎవరికి ఏది

ఇంటికి ఒకే బండి, దాని మీదే పిల్లల బడి, కూరగాయల సంత, ఏడాదికి ఒకటి రెండు దూర ప్రయాణాలు అయితే, 125 సీసీ ఎస్‌పీ లేదా ఎఫ్‌జెడ్ దాటి ఆలోచించనవసరం లేదు. ఇప్పటికే స్ప్లెండర్ ఉండి ఒంటరిగా తిరగాలనే కోరిక కొత్తగా పుట్టినవారు కొత్త బండికి పెట్టే డబ్బులో కొంత మంచి హెల్మెట్, చేతి తొడుగులు, కొత్త టైర్లపై పెట్టి ఒక ఏడాది దానితోనే తిరగడం మేలు. అప్పటికి తమకు లోటు ఎక్కడో తెలుస్తుంది: వేగంలోనా, సీటులోనా, మట్టిదారిలోనా. ఆ లోటును బట్టి కొన్న బండి తప్పు కాదు.

ఎప్పుడూ ఇద్దరే వెళ్లే జంటకు ఎంపిక అపాచీ, హంటర్ మధ్యే ఉంటుంది. నడిపేవారి సరదా ముఖ్యమైతే అపాచీ, వెనకవారి సుఖం ముఖ్యమైతే హంటర్. ఈ నిర్ణయం వెనక కూర్చునేవారికి వదిలేస్తే తగాదా ఉండదు. యాభై దాటి మోకాళ్ల నొప్పులున్నవారు, మొదటిసారి గేరు బండి నేర్చుకుంటున్న మహిళలు, పొట్టిగా ఉన్నవారు అంకెలు పక్కన పెట్టి రైడర్, ఎస్‌పీ, ఎఫ్‌జెడ్ వంటి 780–790 సీటు ఎత్తున్న బండ్లను ముందు చూడాలి.

లద్దాఖ్ కల ఉన్నవారికి ఒక మాట. ఖార్దుంగ్ లా ఎత్తు 5,359 మీటర్లు. అక్కడ గాలి పీడనం సముద్ర మట్టం వద్ద ఉన్నదానిలో దాదాపు సగమే కాబట్టి ఏ ఇంజిన్ శక్తయినా అదే దామాషాలో పడిపోతుంది. 100 సీసీతో ఒక్కరు మొదటి గేరులో ఎక్కగలరు, ఎక్కినవారూ ఉన్నారు. ఇద్దరితో మాత్రం ఎక్స్‌పల్స్, హంటర్ స్థాయికి తక్కువ వద్దు. అంత దూరం నడిపే తీరిక లేకపోతే చిన్న బండిని రైలు పార్సిలులో పంపుకోవచ్చు. ట్యాంకులో పెట్రోలు పూర్తిగా తీసేసి, ఆర్‌సీ నకలు, గుర్తింపు కార్డు నకలు ఇచ్చి, ప్యాకింగు చేయించాలి.

ఏ బండి ఎంచుకున్నా సామాను దగ్గర జాగ్రత్త పడాలి. తేలిక బండిలో పది కిలోల సంచి వెనక క్యారియర్ చివర వేలాడితే ముందు చక్రం తేలిపోయి మలుపులో హ్యాండిల్ వదులుగా అనిపిస్తుంది. అదే సంచిని సీటుకు రెండు పక్కలా, కిందుగా కట్టుకుంటే ఉన్నట్టే తెలియదు. టైర్లలో గాలి ఒక్కరికి ఒక కొలత, ఇద్దరికి మరో కొలత అని చైన్ కవరు దగ్గరో, యజమాని పుస్తకంలోనో రాసి ఉంటుంది. అదే పుస్తకంలో బండి మోయగల గరిష్ఠ భారం కూడా ఉంటుంది. షోరూములో అడ్వాన్సు ఇచ్చే ముందే ఆ పేజీ అడిగి చూసి, మీ ఇద్దరి బరువు, సామాను బరువు కూడి దానితో పోల్చి చూసుకోండి.